ముప్పై ఒకటో రోజు సంగతి బిల్లులో ఉందా? వ్యసన చికిత్స చట్టాలపై అపోహలు - వాస్తవాలు

నేను డీఅడిక్షన్ వార్డులో పనిచేసే సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా ముందుకొచ్చేవి మందు, గంజాయి, మాత్రలు, ఇంట్లో గొడవలు, అప్పులు. పార్లమెంటు గురించి మాట్లాడాల్సి వస్తుందని ఉద్యోగంలో చేరినప్పుడు అనుకోలేదు. కానీ అడ్మిషన్ ఫారంలో నేను నింపే ప్రతి గడి వెనకా ఒక సెక్షన్ ఉంది. ఆ సెక్షన్ ఒకప్పుడు ఒక బిల్లులో క్లాజు. దాన్ని ఎవరో కూర్చుని శ్రద్ధగా చదివితే నా పని తేలికవుతుంది. చదవకుండా వదిలేస్తే ఆ భారం రోగి ఇంటి మీద పడుతుంది. అందుకే ఈ పోస్టు.

అపోహ: "ఇంట్లోవాళ్లు సంతకం పెడితే చాలు, ఆర్నెల్లు లోపల పెట్టేయొచ్చు."

నేను రోజూ వినే మాట ఇది. ఒక తల్లి తన కొడుకును తీసుకొచ్చినప్పుడు అతని చొక్కా చేతులు కిందికంటా దించి ఉన్నాయి. బీపీ చూడ్డానికి నర్సు పైకి మడిచింది. రెండు మణికట్ల చుట్టూ గోధుమరంగు చార, ఒకచోట పెచ్చు కట్టింది. అంతకుముందు ఉంచిన ప్రైవేటు కేంద్రంలో రాత్రిళ్లు మంచానికి కట్టేసేవారట. చేరిన రోజే గుండు కూడా కొట్టించారు. "అక్కడ అందరికీ అలాగే చేస్తారమ్మా, అదే వైద్యమనుకున్నా" అందామె. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు, కొడుకు చేతుల వైపే చూస్తోంది.

అది వైద్యం కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదు. బలవంతంగా గుండు కొట్టించకూడదని ఆ మాటతోనే చట్టంలో రాశారు. కదలకుండా పట్టి ఉంచడమన్నది తక్షణం జరగబోయే హానిని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, అదీ సైకియాట్రిస్టు అనుమతితోనే చేయాలి. శిక్షగానో, సిబ్బంది తక్కువ ఉన్నారనో చేయకూడదు.

మనిషి ఒప్పుకోకపోయినా చేర్చుకునే వీలు 89వ సెక్షన్‌లో ఉంది. కానీ అతనికిగానీ ఎదుటివాళ్లకుగానీ ప్రమాదం ఉందని, లేదా తనను తాను చూసుకోలేని స్థితిలో ఉన్నాడని ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి తేల్చాలి. గడువు 30 రోజులు. ఆపైన ఉంచాలంటే ఇద్దరు సైకియాట్రిస్టులు మళ్లీ చూడాలి, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ఒప్పుకోవాలి. రోగుల్ని చేర్చుకుని ఉంచే ఏ కేంద్రమైనా ఈ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. ఎవరినైనా చేర్చే ముందు ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. అడిగినందుకు విసుక్కుంటే అక్కడినుంచి వచ్చేయండి.

అపోహ: "తాగుడుకు ఈ చట్టం వర్తించదు, అది పిచ్చివాళ్లకు."

వర్తిస్తుంది. మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయని నిర్వచనంలోనే ఉంది. ఇక ఆ "పిచ్చి" అనే మాట మా వార్డులో ఎవరూ వాడరు. మీరూ వాడకండి.

అపోహ: "కమిటీకి పంపితే బిల్లు అటకెక్కినట్టే."

టీవీలో మనకు కనిపించేది సభలో అరుపులు, చివర్లో "అనుకూలంగా ఉన్నవారు..." అనే ప్రశ్న. బిల్లును అసలు చదివేది స్థాయీ సంఘాలనే ఎంపీల కమిటీల్లో. ఒక్కో శాఖాపరమైన స్థాయీ సంఘంలో 31 మంది ఉంటారు: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులకు అందులో చోటు ఉండదు. తలుపులు మూసి కూర్చుంటారు, కెమెరాలుండవు. కాబట్టి వేర్వేరు పార్టీలవాళ్లు ఒక క్లాజు పట్టుకుని తీరిగ్గా మాట్లాడుకునే అవకాశం ఉంటుంది. అధికారుల్ని, డాక్టర్లని, స్వచ్ఛంద సంస్థలవాళ్లని పిలిచి అడుగుతారు. తర్వాత నివేదికను సభల ముందు పెడతారు, అది అందరికీ దొరుకుతుంది. అయితే ఆ సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడి తీరాలనేం లేదు. ఈ పరిమితి కూడా తెలిసి ఉండాలి.

ఆలస్యం సంగతి చూద్దాం. మానసిక ఆరోగ్య సంరక్షణ బిల్లును 2013 ఆగస్టులో రాజ్యసభలో పెట్టారు. కమిటీ నివేదిక అదే సంవత్సరం నవంబరుకల్లా వచ్చేసింది. రాజ్యసభ ఆమోదించింది 2016 ఆగస్టులో, లోక్‌సభ 2017 మార్చిలో. అమల్లోకి వచ్చింది 2018 మే 29న. ఐదేళ్లకు దగ్గరపడిన ప్రయాణంలో కమిటీ తీసుకున్నది మూడు నెలలే. ఆ దారిలో మాటలు మారాయి కూడా. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తికి "మానసిక అనారోగ్యం" ఉన్నట్టు భావించాలని 2013 బిల్లులో ఉంటే, చట్టంలోకి వచ్చేసరికి అది "తీవ్రమైన ఒత్తిడి" అయింది. మందు మత్తులో పురుగుల మందు తాగి బతికి బయటపడ్డ మనిషి కేస్ షీటు మీద ఏ మాట రాస్తామన్నది చిన్న విషయం కాదు. అతను ఆ మాటతోనే ఊళ్లోకి తిరిగి వెళ్లాలి.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఎన్‌డీపీఎస్ చట్టం. మాదకద్రవ్యాల మీద దేశంలోకెల్లా కఠినమైన ఈ చట్టం 1985 ఆగస్టులో బిల్లుగా వచ్చి, సెప్టెంబరు 16కల్లా రాష్ట్రపతి ఆమోదం పొందేసింది. నెల కూడా పట్టలేదు.

కమిటీ చూసినంత మాత్రాన తప్పులు దొర్లవని నేననను. ఇదే చట్టానికి 2014లో చేసిన సవరణ కథ చూడండి. అంతకుముందు దాని బిల్లు ఆర్థిక స్థాయీ సంఘం దగ్గరికి వెళ్లొచ్చింది. సవరణలో నిర్వచనాల మధ్య కొత్తది ఒకటి చేర్చారు. దాంతో అక్రమ రవాణా నిర్వచనం ఒక అంకె కిందికి జరిగింది. కానీ అక్రమ రవాణాకు డబ్బు పెట్టేవాళ్లను శిక్షించే 27ఎ సెక్షన్‌లో పాత అంకె అలాగే ఉండిపోయి, ఆ సెక్షన్ వేరే నిర్వచనాన్ని చూపించింది. ఏడేళ్లు ఎవరూ సరిచేయలేదు. 2021లో త్రిపుర హైకోర్టు ఎత్తిచూపితే, ఆ ఏడాది సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో సవరణ చట్టం తెచ్చి దిద్దారు. చివరి నిమిషం దాకా, ప్రతి మార్పు తర్వాతా, మొదటి పేజీ నుంచి మళ్లీ చదవాలని నేనంటున్నది ఇందుకే. పార్లమెంటు పనితీరును గమనించే పీఆర్‌ఎస్ సంస్థ లెక్కల ప్రకారం 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీలకు వెళ్తే, 17వ లోక్‌సభలో వెళ్లింది 16 శాతమే. ఈ అంకె చూసినప్పుడల్లా నాకు బెంగగా ఉంటుంది.

అపోహ: "చికిత్సకు వస్తే పోలీసులకు పట్టిస్తారు."

ఈ భయంతోనే ఎంతోమంది కుర్రాళ్లు చెయ్యి దాటాక గానీ రారు. ఎన్‌డీపీఎస్ 64ఎ సెక్షన్ ఏం చెబుతుందంటే, వ్యసనానికి లోనైన మనిషి మీద వాడకం కేసుగానీ, కొద్ది మొత్తం దగ్గరుందన్న కేసుగానీ ఉన్నా, తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు ముందుకొస్తే అతన్ని విచారించి శిక్షించరు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. కొద్ది మొత్తం దాటి దగ్గరున్న కేసులకు ఇది వర్తించదు. కేసు ఉన్నవాళ్లు లాయరుతో కూడా మాట్లాడండి. ఎటు వెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, వ్యసనాల కోసమే పెట్టిన టోల్‌ఫ్రీ నంబరు.

అపోహ: "మంచి చట్టం వస్తే బెడ్లు, డాక్టర్లు వాటంతట అవే వస్తాయి."

ఇది ఇంట్లోవాళ్లకే కాదు, చదువుకున్నవాళ్లకూ ఉన్న అపోహ. నా బాధంతా దీని గురించే.

ఖర్చుతో ముడిపడిన ప్రతి బిల్లు చివర ఆర్థిక వివరణ పత్రం ఒకటి జత చేస్తారు. బిల్లు నా చేతికొస్తే నేను ముందు తిప్పేది ఆ పేజీకే. మానసిక ఆరోగ్య సంరక్షణ బిల్లులో ఆ పత్రం మొత్తం ఎంత ఖర్చవుతుందో లెక్క చెప్పలేదు. కేంద్రం ఎంత భరిస్తుంది, రాష్ట్రాలు ఎంత భరించాలన్నదీ చెప్పలేదు. చట్టంలో మాత్రం చికిత్స పొందడం హక్కు అని రాశారు. హాఫ్‌వే హోములు (ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లేలోపు ఉండే వసతి), ఇంటిదగ్గర పునరావాసం, కుటుంబానికి అండగా ఉండే సేవలు, అన్నీ 18వ సెక్షన్‌లో ఉన్నాయి. చదివితే కడుపు నిండుతుంది. కానీ 2019లో సామాజిక న్యాయ శాఖ విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే ప్రకారం, మద్యం మీద పూర్తిగా ఆధారపడిపోయిన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మద్యం వల్ల సమస్యల్లో పడి సాయం అవసరమైనవాళ్లు 5.7 కోట్ల మంది.

పైగా పని ముక్కలైంది. ఎన్‌డీపీఎస్ చట్టం చూసేది ఆర్థిక శాఖలోని రెవెన్యూ విభాగం. మానసిక ఆరోగ్య చట్టం ఆరోగ్య శాఖది. వ్యసనపరుల పునరావాస కేంద్రాలకు గ్రాంటు ఇచ్చేది సామాజిక న్యాయ శాఖ, అదీ చట్టం కింద కాదు, పథకం కింద. మద్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. అందుకే ఒక బిల్లు ఆర్థిక సంఘానికి వెళ్తుంది, ఇంకోటి ఆరోగ్య సంఘానికి. నా ముందు కూర్చున్న మనిషి మాత్రం ఒక్కడే. అతనికి కేసూ ఉంది, వణుకూ ఉంది, అద్దె బాకీ కూడా ఉంది.

ముప్పై ఒకటో రోజు ఎందుకు ముఖ్యమో చెప్తాను. హెరాయిన్ లాంటి నల్లమందు జాతి మత్తుకు అలవాటుపడిన శరీరం కొన్ని వారాలు ఆపేసరికి తట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. డిశ్చార్జి తర్వాతి మొదటి వారాలు చాలా ప్రమాదకరం. ఈ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే బుప్రెనార్ఫిన్ లాంటి మందు కొనసాగాలి, ఫోన్ చేసి పలకరించే మనిషి ఉండాలి, తిరిగి చేరడానికి పని దొరకాలి. అడ్మిషన్ గురించి పది క్లాజులు రాసి, డిశ్చార్జి తర్వాత ఎవరు చూస్తారో రాయని బిల్లు ఎంత మంచి మాటలతో ఉన్నా అసంపూర్తిగా ఉన్నట్టే లెక్క.

అపోహ: "మనలాంటివాళ్లు రాస్తే ఎవరు చదువుతారు?"

బిల్లు కమిటీకి వెళ్లినప్పుడు సాధారణంగా పత్రికల్లో ప్రకటన ఇచ్చి అభిప్రాయాలు అడుగుతారు. ఎవరైనా రాయొచ్చు. గడువు తరచూ రెండు వారాలే ఉంటుంది కాబట్టి కనిపెట్టుకుని ఉండాలి. మామూలుగా ఇంగ్లీషులోనో హిందీలోనో అడుగుతారు. తెలుగులో చెప్పేవాళ్లకు ఇది పెద్ద అడ్డంకే. ఈ విషయంలో మా వృత్తివాళ్లమే చొరవ తీసుకుని రాసిపెట్టాలి.

ఎలా రాయాలంటే, బిల్లు బాగుంది, బాలేదు అని రాస్తే ఉపయోగం లేదు. ఏ క్లాజు, అందులో ఇప్పుడు ఏ మాట ఉంది, దానివల్ల రేపు వార్డులో ఏం జరుగుతుంది, బదులుగా ఏ మాట ఉండాలి. ఈ నాలుగూ రెండు పేజీల్లో పెట్టండి. కోపం రాయొద్దు, జరిగింది రాయండి.

ఇంకోసారి అలాంటి ప్రకటన వస్తే నేను ఏం రాస్తానో ఇప్పటికే ఒక కాగితం మీద రాసిపెట్టుకున్నాను. మొదటి వాక్యం నాది కాదు, ఆ తల్లిది: "నెల తిరిగాక మా వాణ్ణి ఇంటికి పంపేశారు, ఆ మర్నాటి నుంచి ఎవరిని అడగాలో మాకు ఎవరూ చెప్పలేదు."