పూడిక తెలియని అద్దెదారు

మా మావయ్య ఇంటి పెరట్లో కాలువలోకి దిగే మెట్లు తొమ్మిది. నా చిన్నప్పుడు కింది నాలుగూ నీళ్లలోనే ఉండేవి. అయిదో మెట్టుకు బిగించిన ఇనుప కడియానికి పడవ కట్టేవాళ్లు. ఇప్పుడు దానికి మేకను కడుతున్నారు. ఊరి పేరు వద్దులెండి, ఒడిశాలోని గంజాం జిల్లాలో ఋషికుల్య నదికి దగ్గర్లోనే. మొన్న వచ్చిన హోల్డింగ్ టాక్స్, అంటే ఇంటిపన్ను, మాత్రం వెనక వీధి ఇళ్లకంటే ఎక్కువ. ఎందుకయ్యా అంటే, "నీళ్ల ఒడ్డు ఇల్లు కదండీ" అన్నాడు గుమాస్తా.

ముందు నీళ్ల సంగతి. ఈ తీరంలో అలలు ఇసుకను దక్షిణం నుంచి ఈశాన్యానికి తోసుకుపోతుంటాయి. ఆ ఇసుక నదులు సముద్రంలో కలిసే మొగల దగ్గర మేట వేస్తుంది. మొగ ఇరుకైతే పోటు లోపలికి రాదు, ఆటు బయటికి లాగదు, వరద తెచ్చిన ఒండ్రు ఎక్కడిదక్కడే దిగబడుతుంది. చిలికా సరస్సుకు పట్టిన జబ్బు ఇదే. ఉత్తరాన దయా, భార్గవి నదులు మట్టి తెచ్చి పోస్తుంటే సముద్రపు దారి మూసుకుపోతూ వచ్చింది. 1981లో రామ్‌సర్ జాబితాకు, అంటే ప్రపంచ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల జాబితాకు, ఎక్కిన ఈ సరస్సు 1993 నాటికి ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టీలో పడింది. 2000 సెప్టెంబరు 23న కొత్త మొగ తవ్వారు. సముద్రానికి దారి 18 కిలోమీటర్లు తగ్గింది. 2002లో ఆ పట్టీలోంచి పేరు తీసేశారు. చిలికాను ఋషికుల్య మొగతో కలిపే పాలూరు కాలువకు ఇంత పేరు లేదు. తవ్వితే తవ్వినట్టు ఉండిపోయే కాలువా కాదది.

ఇక పన్ను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది. పట్టణాల ఇంటిపన్నుకు 1920 నాటి మద్రాసు మున్సిపాలిటీల చట్టమే ఆధారం. ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత రావచ్చో ఊహించి, కట్టడం మరమ్మతుల కింద అందులో నూటికి పది తగ్గించి, మిగిలినదాన్ని 'వార్షిక విలువ' అనేవారు. పన్ను దాని మీదే. పద్ధతి ఇంగ్లండు నుంచి వచ్చింది, అక్కడ 1836లో చట్టానికెక్కింది. 1950లో ఒడిశా సొంత మున్సిపల్ చట్టం చేసుకున్నా వార్షిక విలువ మాత్రం అలాగే నిలిచింది.

అంటే లెక్కంతా ఎన్నడూ గడప తొక్కని ఒక అద్దెదారుది. గోడ బీటలిస్తే, కప్పు కారితే ఆయన కోసం నూటికి పది విడిచిపెట్టారు. పెరట్లో నీళ్లు ఎండితే ఏం తగ్గించాలో ఎవరూ రాయలేదు. నిజానికి సూత్రం మావయ్య పక్షమే. బురద వాసనకు, దోమలకు ఏ అద్దెదారు ఎక్కువిస్తాడు? తంటా ఎక్కడంటే, విలువ కట్టేవాళ్లు పటంలో నీలిగీత చూస్తారుగానీ పెరట్లోకి రారు. పూడిక తీసే శాఖ ఒకటి, పన్ను వేసేది ఇంకొకటి. ఒకరి ఫైలు ఒకరు చూడరు.

అభ్యంతర పత్రం ఒడియాలో నేనే రాశాను. మావయ్యకు మాట్లాడటం వచ్చుగానీ రాత రాదు. దానికి మేక ఫోటో జతచేద్దామంటే నవ్విపోతారని అత్తయ్య వద్దంది. కడియం స్పష్టంగా కనిపించేలా ఇంకొకటి తీసి అంటించాం. మేక అందులోనూ పడింది.