సిలికాన్ తీసి ఆల్కహాల్ చేసే చర్య: పేరులో టమావో ముందా, ఫ్లెమింగ్ ముందా?

కార్బన్ మీదున్న సిలికాన్‌ను తీసేసి ఆ చోట ఓహెచ్ (ఆల్కహాల్‌లో ఉండే ఆక్సిజన్–హైడ్రోజన్ జత) పెట్టే ఆక్సీకరణ చర్యను ఒకరు ఫ్లెమింగ్–టమావో అంటారు, ఇంకొకరు టమావో–ఫ్లెమింగ్ అంటారు. ఎవరి పేరు ముందుండాలన్నదే ప్రశ్న. 1983లో జపాన్ నుంచి టమావో వాళ్ల పేపర్, 1984లో ఇంగ్లండ్ నుంచి ఫ్లెమింగ్ వాళ్ల పేపర్ వచ్చాయి కాబట్టి ఇద్దరూ సమానమే అని చాలామంది తేల్చేస్తారు. కానీ అసలు మలుపు 1978లోనే జరిగింది.

కార్బన్ మీదున్న బోరాన్‌ను తీసి పెరాక్సైడ్‌తో (రెండు ఆక్సిజన్లు పక్కపక్కన కలిసున్న పదార్థం) ఆల్కహాల్ చేయడం అప్పటికే అందరికీ తెలుసు, ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. సిలికాన్ మాత్రం లొంగలేదు. మామూలు ఆల్కైల్ ట్రైమిథైల్‌సిలేన్ (సిలికాన్ చుట్టూ కార్బన్ గుంపులే ఉన్న సమ్మేళనం) మీద పెరాక్సైడ్ ఎంత పోసినా కార్బన్–సిలికాన్ బంధం కదలదు. 1978లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో మకోటో కుమాడా, కోహే టమావో బృందం ఆల్కీన్‌కు (కార్బన్ల మధ్య డబుల్ బాండ్ ఉన్న అణువు) ట్రైక్లోరోసిలేన్ కలిపి, వచ్చినదాన్ని పొటాషియం ఫ్లోరైడ్‌తో పెంటాఫ్లోరోసిలికేట్‌గా (సిలికాన్ మీద ఐదు ఫ్లోరిన్‌లున్న లవణం) మార్చి, దాని మీద ఎంసీపీబీఏ అనే పెర్ఆమ్లాన్ని (పెరాక్సైడ్ రకం ఆమ్లాన్ని) ప్రయోగించింది. ఆల్కహాల్ వచ్చింది! సిలికాన్ మీద ఫ్లోరిన్ లాంటి, ఎలక్ట్రాన్లను లాక్కునే పరమాణువు ఉంటే చాలు, అది ఇంకో సమూహాన్ని తన మీదికి రానిస్తుంది, అలా పెరాక్సైడ్ వచ్చి అతుక్కున్నాక కార్బన్ తన ఎలక్ట్రాన్ల జతతో సహా సిలికాన్‌ను వదిలి పక్కనున్న ఆక్సిజన్ మీదికి జరుగుతుంది, అందుకే కార్బన్ చుట్టూ ఉన్న అమరిక తిరగబడకుండా ఉన్నది ఉన్నట్టే మిగులుతుంది. ఆ తర్వాత సిలికాన్–ఆక్సిజన్ బంధం తెగి ఆల్కహాల్ చేతికొస్తుంది.

1983లో ఈ బృందమే దీన్ని సులువు చేసింది. పెంటాఫ్లోరోసిలికేట్ అక్కర్లేదు, సిలికాన్ మీద ఒక ఆల్కాక్సీ గుంపు (ఆక్సిజన్ ద్వారా అతుక్కున్న కార్బన్ గుంపు) ఉన్నా చాలు. హైడ్రోజన్ పెరాక్సైడ్, పొటాషియం ఫ్లోరైడ్, కాస్త బైకార్బనేట్, అంతే. ఇంత చవకైన, ఇంత మెత్తని పరిస్థితుల్లో ఈ పని జరగడం మామూలు విషయం కాదు, ఇప్పటికీ ల్యాబుల్లో చేసేది దాదాపు ఇదే.

కేంబ్రిడ్జ్‌లో ఇయాన్ ఫ్లెమింగ్ బృందం 1984లో చూపింది వేరే సదుపాయం. ఆల్కాక్సీసిలేన్ నీటికి, ఆమ్లానికి త్వరగా చెడిపోతుంది కాబట్టి దాన్ని సంశ్లేషణలో ఎన్నో మెట్లు మోసుకెళ్లడం కష్టం. ఫినైల్‌డైమిథైల్‌సిలైల్ (సిలికాన్ మీద ఫినైల్ అనే బెంజీన్ వలయం, రెండు మిథైల్‌లు ఉన్న గుంపు) అలా కాదు, గట్టిగా నిలబడుతుంది, ఆల్కహాల్ కావాల్సినప్పుడు ఫినైల్‌ను ఆమ్లంతో తీసి ఫ్లోరిన్ పెట్టి పెర్ఆమ్లంతో ఆక్సీకరిస్తారు. 1987లో బ్రోమిన్‌తోనో మెర్క్యురిక్ అసిటేట్‌తోనో ఒకే పాత్రలో చేసే పద్ధతీ వచ్చింది. అయితే అణువులో ఇంకో డబుల్ బాండ్ ఉంటే బ్రోమిన్ దాని జోలికీ పోతుంది, మెర్క్యురీ విషం సంగతి సరేసరి. ఇంకో మాట: ఫినైల్ పోయి ఫ్లోరిన్ వచ్చాక జరిగే రెండో అంకం, 1978లో క్యోటోలో చూపిన రసాయనమే.

ఫ్లెమింగ్ పేరు ముందుండాలనే వాళ్లు చెప్పేది ఒకటే, సిలికాన్‌ను దాచిపెట్టిన ఓహెచ్‌గా చూడటం నేర్పింది ఆయనే అని. పెద్ద అణువుల సంశ్లేషణ చేసేవాళ్లకు అది నిజంగా ఉపయోగపడింది. కానీ అమెరికా రసాయన శాస్త్రవేత్త వర్పెల్ 1996లో, సిలికాన్ చుట్టూ పెద్ద గుంపులు కిక్కిరిసిన సిలేన్లనూ ఆక్సీకరించే పద్ధతి తెచ్చినప్పుడు, అమెరికాకే చెందిన హార్ట్‌విగ్ బృందం 2012లో ఇరిడియం ఉత్ప్రేరకంతో సీ–హెచ్ బంధం మీద సిలికాన్ ఎక్కించి 1,3-డయోల్‌లు (రెండు ఓహెచ్‌లున్న అణువులు) చేసినప్పుడు ఆక్సీకరణకు వాడింది పెరాక్సైడ్‌నే. హార్ట్‌విగ్ అణువుల్లో సిలికాన్ పక్కన ఆక్సిజన్ ముందే ఉంది, తీయడానికి ఫినైల్ అంటూ ఏదీ లేదు. అంటే అది క్యోటో దారే, అందుకే టమావో పేరే ముందుండాలి.