పద్దెనిమిదో ఏట ఆట ఎక్కడ? ఐర్లండ్ మైనర్ హర్లింగ్‌లో వయసు గీత మారిన కథ

ఐర్లండ్‌లో 2000వ సంవత్సరంలో పుట్టి, హర్లింగ్ అనే కర్రబంతి ఆట ఆడే కుర్రాళ్ళకు పుట్టిన ఏడాదే అడ్డం వచ్చింది. అక్కడి మైనర్ చాంపియన్‌షిప్‌లో, అంటే కౌంటీల (మన జిల్లాల లాంటివి) కుర్ర జట్ల మధ్య జరిగే పోటీలో, వయసును జనవరి 1 నాటికి లెక్క కడతారు. 2017 దాకా, ఆ రోజుకు 18 నిండకపోతే మైనర్ జట్టులో ఆడనిచ్చేవారు. ఆ లెక్కన 2018లో జట్టుకు పెద్దన్నలు వీళ్ళే కావాలి. చిన్నప్పటి నుంచి ఎదురుచూసిన ఏడాది అది. సరిగ్గా ఆ సీజన్ నుంచే గీత పదిహేడుకు దిగింది. అంతకు ముందు వేసవిలో పదహారు, పదిహేడేళ్ళ వాళ్ళుగా ఉన్న ఆ పిల్లలు కొత్త ఏడాది వచ్చేసరికి మైనర్ వయసు దాటిపోయారు.

ఇది నిర్వాహకులకు తెలియక జరగలేదు. అందుకే 2017లో మామూలు మైనర్ పోటీకి తోడు, ఆ ఒక్క ఏడాదికే, పదిహేడు లోపు వాళ్ళకు ప్రత్యేకంగా ఇంకో అఖిల ఐర్లండ్ పోటీ పెట్టారు. డబ్లిన్ మీద గెలిచి కార్క్ కౌంటీ ఆ కప్పు ఎత్తుకుంది. వయసు గీత కింద నలిగిపోయిన పిల్లలకు చేసిన పరిహారం అది. మంచి పనే. కానీ పరిహారం ఇవ్వాల్సి వచ్చిందంటే వాళ్ళ నుంచి ఏదో తీసుకున్నారనే కదా. ఆ తీసుకున్నదేమిటో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

హర్లింగ్ ఆడేది యాష్ చెట్టు కలపతో చేసిన, చివర వెడల్పుగా ఉండే కర్రతో. జట్టుకు 15 మంది. తోలు కుట్టిన చిన్న బంతిని నేల మీదా గాలిలోనూ కొడతారు. గోల్ స్తంభాలు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా నిలబడి ఉంటాయి. బంతి అడ్డుకర్ర పైనుంచి వెళితే ఒక పాయింటు, కింద వలలో పడితే గోల్, అంటే మూడు పాయింట్లు. అందుకే స్కోరు 2-17 అని రాస్తారు: రెండు గోల్స్, పదిహేడు పాయింట్లు, మొత్తం 23. 1884లో థర్లెస్ పట్టణంలో పుట్టిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ ఈ ఆటను నడుపుతుంది. ఆడినందుకు ఎవరికీ జీతం ఉండదు. ఎనభై వేల మంది ముందు ఆడిన వాడు కూడా మర్నాడు బడికో బ్యాంకుకో ఉద్యోగానికి వెళ్ళాల్సిందే. సాధారణంగా ఎవరి కౌంటీకి వాళ్ళే ఆడతారు. అందుకే పల్లె పిల్లవాడికి మొదటిసారి కౌంటీ చొక్కా ఒంటి మీదకొచ్చే మైనర్ జట్టు అంత పెద్ద విషయం.

మైనర్ పోటీ 1928లో మొదలైంది. మొదటి కప్పు కార్క్‌దే, అప్పుడూ ఓడింది డబ్లిన్. రెండో ప్రపంచ యుద్ధం నాటి కొరత వల్ల 1942 నుంచి 1944 దాకా పోటీ ఆగింది. అంతకు మించి దశాబ్దాల తరబడి రూపం పెద్దగా మారలేదు: పద్దెనిమిది లోపు కుర్రాళ్ళు, 60 నిమిషాల ఆట, చివర్లో డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో ఫైనల్. అదీ సెప్టెంబరులో, పెద్దల ఫైనల్ జరిగే రోజునే, దానికి ముందు. ఆట మొదలయ్యేటప్పుడు స్టాండ్లు సగం ఖాళీగా ఉండేవి. ముగిసేసరికి నిండిపోయేవి. తమ ఆట జరుగుతుండగానే చుట్టూ పెరిగే ఆ హోరును పదిహేడేళ్ళ వయసులో విన్నవాళ్ళు ఇంకెప్పుడూ మరిచిపోరు.

ఈ మెట్టు ఎక్కి పైకి వచ్చిన వాళ్ళలో టిప్పరరీ ఆటగాడు జిమ్మీ డోయల్‌ది వేరే లెక్క. 1954 మైనర్ ఫైనల్లో పదిహేనేళ్ళకే గోల్‌కీపరుగా నిలబడి డబ్లిన్ చేతిలో ఓడాడు. తర్వాత ఫార్వర్డుగా మారి 1955, 1956, 1957 వరసగా మూడేళ్ళు కప్పు గెలిచాడు. పెద్దల జట్టులో ఆరు అఖిల ఐర్లండ్ పతకాలు సంపాదించాడు. నాలుగేళ్ళ పాటు అదే మెట్టు మీద నిలబడి నేర్చుకునే అవకాశం ఆయనకు దొరికింది. గాల్వేకు చెందిన జో క్యానింగ్ 2004, 2005లో మైనర్ కప్పులు గెలిచి, 2006 ఫైనల్లో ఓడాడు. పెద్దల కప్పు కోసం ఆయన 2017 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు 3న, ఒకే మధ్యాహ్నం, గాల్వే కుర్రాళ్ళు కార్క్‌ను ఓడించారు, గాల్వే పెద్దలు వాటర్‌ఫర్డ్‌ను ఓడించారు. పద్దెనిమిది లోపు వాళ్ళ చివరి ఫైనల్ కూడా అదే.

అంత బాగా సాగుతున్నదాన్ని ఎందుకు మార్చారు? కారణం బలమైనదే. పద్దెనిమిదేళ్ళ మంచి ఆటగాడి ఒక్క ఏడాది చూడండి: బడి జట్టు, ఊరి క్లబ్‌లో మైనర్లు, ఇరవై ఒకటి లోపు వాళ్ళు, పెద్దలు, ఆపైన కౌంటీ మైనర్, ఒక్కోసారి 1964లో మొదలైన ఇరవై ఒకటి లోపు కౌంటీ జట్టు కూడా. చాలామంది దీనికి తోడు గేలిక్ ఫుట్‌బాల్ ఆడతారు. ప్రతి జట్టుకీ ఒక కోచ్, ప్రతి కోచ్‌కీ తన సాధన ముఖ్యం. మోకాళ్ళు, నడుము, మనసు అన్నీ ఒకేసారి అలిసిపోయేవి. ఇవన్నీ జరిగే ఏడాదిలోనే జూన్‌లో లీవింగ్ సర్టిఫికెట్ పరీక్షలు. మన దగ్గర ఇంటర్ రెండో సంవత్సరం ఇంటిని ఎలా కమ్మేస్తుందో, అక్కడ ఆ పరీక్ష అలాంటిది. కాలేజీ సీటు దాని మార్కుల మీదే ఆధారపడుతుంది.

అప్పట్లో సంస్థ డైరెక్టర్ జనరల్‌గా ఉన్న పారిక్ డఫీ 2015లో ఈ అలసట గురించి వివరంగా రాసి, సభ్యుల ముందు ప్రతిపాదనలు పెట్టాడు. మైనర్ వయసు ఒక ఏడాది తగ్గిస్తే పరీక్ష ఏడాదికి ముందే ఆ పోటీ అయిపోతుందన్నది వాటి వెనుక తర్కం. 2016లో సంస్థ వార్షిక మహాసభ (కాంగ్రెస్) ఒప్పుకుంది. 2018 నుంచి అమలు. మరుసటి ఏడాది హర్లింగ్‌లో ఇరవై ఒకటి లోపు పోటీ కూడా ఇరవై లోపుకు దిగింది. పిల్లల మీద భారం తగ్గించాలన్న ఆ ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. చాలా క్రీడా సంస్థలు ఆ మాట ఎత్తడానికే జంకుతాయి.

2018 ఆగస్టులో కొత్త వయసుతో మొదటి ఫైనల్ జరిగింది. గాల్వే కిల్కెన్నీని ఓడించింది. వేదిక ఇంకా క్రోక్ పార్కే, పెద్దల ఫైనల్ రోజే. 2019లోనూ అంతే, అవే రెండు జట్లు, అదే ఫలితం. 2020 పోటీ కోవిడ్ వల్ల 2021 వేసవిలో గానీ ముగియలేదు. మళ్ళీ అవే జట్లు, మళ్ళీ గాల్వే. వరసగా నాలుగు మైనర్ కప్పులు. తర్వాత కౌంటీ ఆటలన్నీ ఏడాది మొదటి సగానికి, క్లబ్ ఆటలు రెండో సగానికి అని క్యాలెండర్‌ను చీల్చారు. పెద్దల ఫైనల్ జూలైకి మారింది. మైనర్ ఫైనల్ దాని నుంచి విడిపోయి, వేసవి మొదట్లోనే క్రోక్ పార్క్ బయట ముగిసిపోవడం మొదలైంది.

ఇక్కడ రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి. వయసు తగ్గించడం ఒక నిర్ణయం, పెద్ద వేదిక నుంచి దూరం చేయడం మరొకటి. మొదటిది పిల్లల కోసం, రెండోది క్యాలెండర్ కోసం. జనం నోట మాత్రం రెండూ ఒకటే ఫిర్యాదుగా వినపడతాయి.

వేదిక సంగతిలో నా అభిప్రాయం కొంత మారిందని ఒప్పుకోవాలి. దానికి కారణం ఆఫలీ. చివరిసారి 1989లో మైనర్ కప్పు గెలిచిన ఆ చిన్న కౌంటీ 2022లో ఫైనల్ చేరింది. కిల్కెన్నీ పట్టణంలోని నోలన్ పార్క్‌కు ఊళ్ళకు ఊళ్ళే కదిలి వచ్చాయి. చివరి క్షణాల్లో పడిన గోల్‌తో టిప్పరరీ 1-17, 1-16 తేడాతో గెలిచింది. ఒక్క పాయింటు! రెండేళ్ళ తర్వాత, 2024 జూన్‌లో, అదే మైదానం, అదే ప్రత్యర్థి, ఈసారి ఇరవై లోపు ఫైనల్. అప్పుడు ఓడిన కుర్రాళ్ళు చాలామంది ఆ జట్టులో ఉన్నారు. ఆఫలీ 2-20, 2-14తో గెలిచి ఆ స్థాయిలో తొలి కప్పు అందుకుంది. వచ్చిన జనం 25,125. వాళ్ళు పెద్దల ఆట కోసం ముందుగా వచ్చి కూర్చున్నవాళ్ళు కారు, ఈ కుర్రాళ్ళ కోసమే వచ్చినవాళ్ళు.

కాబట్టి వేదిక పోయిందన్న బాధకు మందు దొరికిందనే అనుకుంటాను. దొరకనిది పద్దెనిమిదేళ్ళ వాడికి. మైనర్ అయిపోయిన మరుసటి ఏడాది అతను ఇరవై లోపు జట్టులో చోటు కోసం తనకంటే రెండేళ్ళు పెద్దవాళ్ళతో పోటీ పడాలి. ఆ వయసులో రెండేళ్ళంటే భుజాల వెడల్పులోనే తేడా కనిపిస్తుంది. పరీక్ష ఏడాదిలో ఆట భారం తగ్గించబోయి, చాలామందికి ఆ ఏడాది కౌంటీ ఆటే లేకుండా చేశారు.

క్లబ్‌లలో ఇబ్బంది ఇంకా సూటిగా తగిలింది. వయసు గీతను అక్కడికీ దించి, మైనర్ వయసు వాళ్ళు పెద్దల జట్లలో ఆడకుండా రెండింటినీ విడదీశారు. పట్టణ క్లబ్‌కు అది పట్టింపు లేదు. ఒక చర్చి, ఒక బడి, రెండు రోడ్లు ఉన్న పల్లెలో 15 మందిని పోగేయడమే గగనం. అక్కడ పదిహేడేళ్ళ వాణ్ణి పెద్దల జట్టులోకి తీసుకోలేకపోతే ఆ ఆదివారం జట్టే దిగదు. పద్దెనిమిది నిండినవాడికి మైనర్ జట్టులో చోటు ఉండదు, పెద్దల జట్టులో బెంచీ మీద చోటు మాత్రం ఉంటుంది. ఆ బెంచీ మీద కూర్చుని విసిగి, కర్ర అటక మీద పెట్టేసే వాళ్ళ గురించే కోచ్‌ల దిగులంతా.

ఆ గోల తగ్గక, క్లబ్ స్థాయిలో గీత ఎక్కడ గీయాలో కౌంటీలే తేల్చుకునే వీలు తర్వాత కల్పించారు. కౌంటీ మైనర్ మాత్రం పదిహేడు దగ్గరే నిలిచింది. దాంతో ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడు తన కౌంటీలో ఈడువాళ్ళతో ఇంకో సీజన్ ఆడుతుంటే, సరిహద్దు రోడ్డు అవతలి ఊళ్ళో మరొకడు ముప్ఫై ఏళ్ళ వాళ్ళ జట్టులో తన వంతు కోసం కాచుకుని ఉండొచ్చు.