సముద్ర దోసకాయ చర్మంలోని గుండీలు

అమలాపురం

చిరంజీవులకు మీ తాతయ్య ఆశీస్సులు.

సముద్ర దోసకాయ ప్రజాతిని, అంటే దగ్గరి పోలికలున్న జాతుల గుంపును, ఎలా గుర్తుపట్టాలని అడిగారు. దోసకాయ అనగానే మన కోనసీమ ఇళ్లలో పప్పులో వేసే గుండ్రని పసుపు కాయ గుర్తుకు వస్తుంది కాని, ఇది ఒక కొసన నోరు, మరో కొసన మలద్వారం ఉన్న పొడవాటి జంతువు, నక్షత్రచేపకు చుట్టం. వశిష్ఠ గోదావరి తెచ్చే బురద కలిసే అంతర్వేది తీరంలో దీని కోసం వెతకకండి. మన దేశంలో దీని పేరు ఎక్కువగా వినిపించేది తమిళనాడు తీరాన ఉన్న మన్నార్ సింధుశాఖ వైపు.

నేను చెప్పబోయేది 1767లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పేరు పెట్టిన హోలోథూరియా ప్రజాతి గురించి. నోటి చుట్టూ సాధారణంగా 20 పొట్టి స్పర్శకాలు, అంటే మీసాల వంటి అవయవాలు, ఉంటాయి. ఒక్కొక్కటి కొసన గొడుగులా విచ్చుకుని ఇసుకను నోటికి అందిస్తుంది. పొట్టవైపు గొట్టపు పాదాలు, వీపున బుడిపెలు కనిపిస్తాయి. కోసి చూస్తే జననగ్రంథి ఎడమపక్క ఒకే కుచ్చుగా ఉంటుంది. స్టైకోపస్ అనే మరో సముద్ర దోసకాయ ప్రజాతిలోనైతే రెండు కుచ్చులుంటాయి.

రంగును మాత్రం నమ్మవద్దు. అసలు ఆనవాలు చర్మంలో దాగిన, కంటికి కనబడని సున్నపు పలుకులే. బియ్యపు గింజంత చర్మాన్ని బ్లీచింగ్ ద్రావణంలో వేస్తే మాంసం కరిగి, పలుకులు అడుగున తెల్లని పొడిలా చేరతాయి. నేను చదువుకునే రోజుల్లో ప్రయోగశాలలోని పాత సీసాలో ఉన్న నమూనాతో ఇదే చేసి, సాయంత్రం దాకా సూక్ష్మదర్శినికి కన్ను ఆనించినా ఒక్క పలుకూ దొరకలేదు. నమూనాలు కుళ్లకుండా వాడే ఫార్మలిన్ ద్రవంలో ఏళ్ల తరబడి ఉంచడంతో, అందులో పుట్టిన ఆమ్లం సున్నాన్నంతా తినేసిందని తరువాత తెలిసి ఎంతో బాధపడ్డాను. ఆల్కహాల్‌లో భద్రపరచిన మరో నమూనా దొరికాక గాని వాటిని చూడలేకపోయాను: కొన్ని, కంతలున్న పళ్లెం మీద నాలుగు స్తంభాలు నిలిపి అడ్డకర్రలు బిగించినట్టుండే పీటలు, మరికొన్ని, చొక్కా గుండీకి నాలుగు కంతలుంటే, రెండు వరుసల్లో మూడేసి చొప్పున ఆరు కంతలున్న కోలగుండీలు. ఆ చక్కదనం ఇప్పటికీ నా కళ్ల ముందుంది.

అయితే గుండీలు లేనంత మాత్రాన ప్రజాతి వేరనుకోకండి. ఇదే ప్రజాతికి చెందిన నల్లని హోలోథూరియా అట్రా జాతిలో పీటలుంటాయి, గుండీలుండవు, వాటికి బదులు పువ్వు రేకుల వంటి పలుకులుంటాయి. పైగా దాని ఒంటిని రుద్దితే వేలికి ఎర్రని రంగు అంటుతుంది.

2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన దేశంలో సముద్ర దోసకాయలను పట్టడాన్ని నిషేధించింది. కాబట్టి మీ మాస్టారిని అడిగి కళాశాల నమూనానే చూడండి. చర్మపు ముక్క తీసే ముందు ఆ సీసాలో ఉన్నది ఆల్కహాలో, ఫార్మలినో కనుక్కోండి.

మీ తాతయ్య