టూటిల్ నది మీద పూడిక కట్ట: వెనకున్న కథ

ఏ జలాశయానికైనా పూడికే శత్రువు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, నార్త్ ఫోర్క్ టూటిల్ నది మీద మట్టీ రాళ్లతో వేసిన ఒక కట్టను మాత్రం పూడిక చేర్చుకోవడానికే కట్టారు. దాని అలుగును ఇంకా పెంచాలా అని జరిగే చర్చ అర్థం కావాలంటే 1980 మే 18 దగ్గర మొదలుపెట్టాలి.

ఆ ఉదయం సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం ఉత్తరం వైపు కుప్పకూలింది. 57 మంది చనిపోయారు. సుమారు 2.5 ఘన కిలోమీటర్ల రాయీ మట్టీ ఈ నది లోయలో 20 కిలోమీటర్లకు పైగా పరుచుకుంది. సగటు మందమే 45 మీటర్లు! బురద, టూటిల్ వెళ్లి కలిసే కౌలిట్జ్ నది మీదుగా కొలంబియా నది దాకా దిగింది. అక్కడ 12 మీటర్ల లోతుండే ఓడల దారి 4 మీటర్లకు పూడిపోయింది.

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. లోయలో పడ్డదంతా వదులు మట్టి. గట్టి వాన పడితే చాలు, కొట్టుకొచ్చి కౌలిట్జ్ అడుగున మేట వేస్తుంది. నది అడుగు పైకి లేచిందంటే మామూలు వరద కూడా కాజిల్ రాక్, కెల్సో, లాంగ్‌వ్యూ ఊళ్ల మీదికొస్తుంది. ఆర్మీ ఇంజనీర్లు డ్రెడ్జర్లతో తవ్వించారు. 1980లోనే హడావిడిగా ఒక చిన్న కట్ట వేశారు కానీ అది నిలవలేదు, గండ్లు పడ్డాయి.

1989లో పూర్తయిన ఇప్పటి కట్ట ఎత్తు 56 మీటర్లు, పొడవు దాదాపు 550. దీని తూముల ఏర్పాటు నాకు భలే నచ్చింది. వరసకు ఐదు చొప్పున ఆరు వరసల్లో 30 గొట్టాలు, ఒకదాని పైన ఒకటి. నీళ్లు వాటిలోంచి మెల్లగా పోతుంటే బురద వెనకే దిగబడుతుంది. మేట ఒక వరస దాకా చేరగానే దాన్ని మూసేసి పై వరసతో నడిపిస్తారు. 1998కి అన్ని వరసలూ మూతపడ్డాయి. అప్పటినుంచి నది మొత్తం అలుగు మీదుగానే పారుతోంది, ఇసుక కూడా మునుపటికన్నా ఎక్కువగా కిందికి జారుతోంది. అందుకే 2012లో అలుగును రెండు మీటర్లు పెంచారు. ఇంకా పెంచాలన్న మాట వినబడుతూనే ఉంది.

పెంచినప్పుడల్లా నలిగేది చేపలే. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే కోహో సాల్మన్, స్టీల్‌హెడ్ చేపలు ఈ కట్ట ఎక్కలేవు. దిగువన వాటిని పట్టి, ట్యాంకు లారీల్లో పైనున్న వాగులకు చేరుస్తారు. ఇన్నేళ్లయినా లారీయే దిక్కు కావడం నాకు బాధగానే ఉంటుంది. అలుగు దాటొచ్చిన ఇసుక ఇప్పుడు ఆ చేపలు పట్టే కేంద్రంలోనూ మేట వేస్తోంది.