బంతి వైపు తర్వాత, ముందు డివాట్ వైపు చూడండి

పిల్లలూ,

గోల్ఫ్‌లో ఐరన్ (ఇనుప తల ఉన్న క్లబ్, అంటే బంతిని కొట్టే కర్ర) సరిగ్గా తగలడం లేదని ఇద్దరూ తెగ టెన్షన్ పడుతున్నారని మీ నాన్న చెప్పాడు. ఒక షాట్ నేలని తవ్వి నాలుగడుగుల్లో ఆగిపోతోందట, తర్వాతది గడ్డిని కూడా తాకకుండా పాములా జర్రున నేలబారుగా పోతోందట. ఈ రెండూ వేర్వేరు తప్పులని, ఒకదాన్ని దిద్దుకుంటే రెండోది వచ్చి పడుతోందని మీరు అనుకుంటున్నారు. కాదమ్మా, రెండింటికీ కారణం ఒక్కటే. అది మీకు డివాట్ చూస్తే తెలుస్తుంది, అంటే ఐరన్ తగిలి గడ్డి లేచిపోయిన చోట మిగిలే ఆ చిన్న గుంట.

మొదట చూడాల్సింది గుంట ఎంత లోతుందని కాదు, ఎక్కడ మొదలైందని. ఐరన్ తల మీ చుట్టూ వంపుగా తిరుగుతూ కిందికి దిగి, ఒకచోట అన్నిటికంటే దిగువకి వచ్చి, మళ్లీ పైకి లేస్తుంది. ఆ దిగువ చోటు బంతికి ముందు, టార్గెట్ వైపు ఉండాలి. బాగా ఆడేవాళ్లకి అది బంతికి దాదాపు 10 సెంటీమీటర్లు ముందుంటుంది. అంటే క్లబ్ ఇంకా దిగుతూ ఉండగానే బంతిని తాకుతుంది, ఆ తర్వాతే గడ్డిని. పెద్ద ప్రొఫెషనల్స్ సెవెన్ ఐరన్‌తో (ఐరన్లలో ఏడో నంబరుది) కొట్టేటప్పుడు క్లబ్ సుమారు నాలుగు డిగ్రీల వాలులో కిందికి దిగుతుంది, అంతే, గొడ్డలితో నరికినట్టు ఏం కాదు. బంతిని పైకి లేపే పని క్లబ్ ముఖానికి ఉన్న వాలు చూసుకుంటుంది, మీరు లేపక్కర్లేదు.

మీరు లేపబోతున్నారు, అక్కడే వస్తోంది చిక్కంతా. బంతి గాల్లోకి ఎగరాలన్న ఆత్రంలో బరువు కుడికాలి మీదే ఉండిపోతుంది, మణికట్టు ముందే విడిపోతుంది, దాంతో ఆ దిగువ చోటు బంతి వెనక్కి జరిగిపోతుంది. అప్పుడు క్లబ్ బంతి కంటే ముందే నేలకి తగిలిందా, ఫ్యాట్ షాట్. నేలని తప్పించుకుని పైకి లేస్తూ బంతి నడుముకి తగిలిందా, థిన్ షాట్, గుంటే పడదు. పెద్ద గుంట, అసలు లేని గుంట, రెండూ ఒకే మాట చెప్తున్నాయి: బరువు ఎడమకాలి మీదికి రాలేదు. (ఇద్దరిదీ కుడిచేతి వాటమే కాబట్టి అలా రాస్తున్నాను.)

కొట్టాక బంతి ఎక్కడ ఉండేదో గుర్తుండదు, అందుకే గుంట ముందుందో వెనకుందో తేలదు. ప్రాక్టీస్ గడ్డి మీద, అక్కడి కోచ్‌ని అడిగి, కాస్త ముగ్గుపిండితో టార్గెట్‌కి అడ్డంగా మూరెడు గీత గీయండి. ముందు బంతి లేకుండా గీత మీదే వరసగా స్వింగ్ చేయండి, ప్రతిసారీ కొంచెం పక్కకి జరుగుతూ. గుంటలన్నీ గీత దగ్గర మొదలై ముందుకి సాగాలి. గీతకి వెనక గడ్డి లేచిందంటే, బంతి ఉండుంటే ఏమయ్యేదో మీకే అర్థమవుతుంది. ఇది మ్యాట్ మీద, అంటే ప్రాక్టీస్‌కి పరిచే కృత్రిమ గడ్డి చాప మీద, తెలియదు. మ్యాట్ మీద వెనక తగిలినా క్లబ్ జారుకుంటూ వచ్చి బంతిని బాగానే కొడుతుంది, చప్పుడు కూడా బాగానే ఉంటుంది. మ్యాట్ తప్పకపోతే బంతికి జానెడు వెనక ఒక తువ్వాలు మడిచి పెట్టుకుని, అది కదలకుండా కొట్టండి.

లోతు గురించి కొంచెం. పల్చగా, దోసెలా లేస్తే మంచిది. దిబ్బరొట్టెలా మందంగా లేస్తోందంటే క్లబ్ మరీ నిటారుగా దిగుతోందని అర్థం. కానీ తొందరపడి నిర్ణయించకండి, మన బెంగళూరు ఎర్రమట్టి మార్చి, ఏప్రిల్‌లలో గట్టిపడిపోయి గుంట సరిగా పడదు, వానలు మొదలయ్యాక అదే స్వింగ్‌కి బాగా లోతుగా పడుతుంది. పైగా ఇక్కడ ఎక్కువగా ఉండే బెర్ముడా గడ్డి, టీవీలో చూపించినట్టు ఒకే పలకగా లేవదు, తరచూ ముక్కలై చెదిరిపోతుంది. అది మీ తప్పు కాదు.

గుంట దిక్కు విషయంలో పెద్దవాళ్లు కూడా పొరపడతారు. గుంట బాగా ఎడమకి తిరిగి ఉంటే క్లబ్ బయటి నుంచి లోపలికి కోస్తూ వచ్చిందనుకోవచ్చు. కాస్త ఎడమకి ఉంటే మాత్రం పట్టించుకోకండి, బంతి దాటాక క్లబ్ మళ్లీ లోపలికి తిరగడం సహజమే. బంతి ఏ దిక్కున బయల్దేరిందనేది ఎక్కువగా క్లబ్ ముఖం చూపు మీద ఆధారపడుతుంది, గుంటేమో క్లబ్ నడిచిన దారి చెప్తుంది. రెండూ కలిపి చూడాలి.

చిన్నదానికి ప్రత్యేకంగా ఒకటి. నువ్వు వాడుతున్నది మీ నాన్న పాత సెట్ కదా. గుంట నీ కాళ్ల వైపు లోతుగా, అవతలి అంచున పైపైన పడుతుంటే, క్లబ్ నీకు పొడవెక్కువై దాని ముక్కు, అంటే తల అవతలి కొస, పైకి లేస్తోందేమో చూడాలి. నాలుగైదు గుంటలు అలాగే పడితే కోచ్‌కి చూపించు, స్వింగ్ మార్చుకోవాలని కూర్చోకు.

కోర్స్ మీద ఆడేటప్పుడు గుంట పూడ్చకుండా కదలొద్దు. గడ్డి పలకగా లేస్తే తెచ్చి పెట్టి కాలితో నొక్కండి, చెదిరిపోతే సీసాలో ఇచ్చే ఇసుక పోసి చదును చేయండి. ఎవరో పూడ్చకుండా వదిలేసిన గుంటలో మీ బంతి పడిందనుకోండి, ఫెయిర్‌వే (గడ్డి పొట్టిగా కత్తిరించి ఉంచే ఆట దారి) మధ్యలో ఉన్నా సరే, రూల్స్ ప్రకారం పెనాల్టీ లేకుండా పక్కకి తీయనివ్వరు, ఉన్నచోటే ఆడాలి. అప్పుడు బంతి కుడికాలి వైపుకి వచ్చేలా కొంచెం జరిగి నిలబడి, బరువు ముందే ఎడమకాలి మీద ఉంచి, కిందికే కొట్టండి. బంతి మామూలు కంటే తక్కువ ఎత్తులో పోయి ఎక్కువ దొర్లుతుంది, దానికి తగ్గట్టు క్లబ్ ఎంచుకోండి.

మీ పెదనాన్న,
బెంగళూరు