ఫ్రెంచి కారు రూపం: సగం పన్ను గీసింది, సగం గతుకులు గీశాయి

రెనో క్విడ్ చక్రం ఒక్కసారి విప్పిన పంక్చరు షాపతనికి తెలిసిన సంగతే, దానికి నట్లు మూడే. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లకు మామూలుగా నాలుగుంటాయి. ముందద్దం మీద వైపరు కూడా ఒక్కటే. 2015లో చెన్నై పక్కన ఒరగడం ఫ్యాక్టరీ నుంచి 2.57 లక్షల ఎక్స్‌షోరూం ధరకు ఈ కారు వచ్చినప్పుడు ఇదేం పిసినారితనం అన్నవాళ్లున్నారు. అయితే 1948 నాటి సిట్రోయెన్ 2సీవీకీ మూడే నట్లు, 1961 నాటి రెనో 4కీ మూడే. బరువు తక్కువ కారులో నాలుగో నట్టుకు పనేమీ ఉండదు. తీసేస్తే ఒక బోల్టు, ఒక బెజ్జం, కాస్త ఇనుము కలిసొస్తాయి. ఫ్రెంచి కార్లలో వింతగా కనిపించేవి చాలావరకు ఇలా లెక్కల్లోంచి పుట్టినవే. పారిస్ ఫ్యాషన్‌తో వాటికున్న చుట్టరికం తక్కువ.

లెక్కల్లో మొదటిది పన్ను. ఫ్రాన్స్‌లో కారుకు ‘పన్ను గుర్రాలు’ కట్టేవారు. ఇంజను నిజంగా ఇచ్చే శక్తితో వాటికి సంబంధం లేదు, ప్రధానంగా సిలిండర్ల సీసీని బట్టి సర్కారు వేసే అంకె అది. 2సీవీ పేరులోని రెండు గుర్రాలు అవే. మొదటి మోడల్ ఇంజను 375 సీసీ, అసలు శక్తి 9 హార్స్‌పవర్. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పెద్ద ఇంజన్ల మీద భారం బాగా పెంచారు. 1956లో వృద్ధుల సహాయనిధి కోసమంటూ ఏటా కట్టాల్సిన ‘విన్యెట్’ అనే కారు పన్ను కూడా వచ్చిపడింది. పన్ను ఒక్కటే కారణం కాకపోయినా డెలాయే, ఓచ్కిస్, తాల్బో లాంటి భారీ కార్ల కంపెనీలు ఆ దశాబ్దంలోనే ఆ వ్యాపారం నుంచి తప్పుకున్నాయి. మిగిలినవాళ్లకు దారి ఒక్కటే. ఇంజను పెంచలేరు కాబట్టి బరువు తగ్గించాలి, గాలికి తేలిగ్గా జారే ఆకారం ఇవ్వాలి. పనార్ కంపెనీ 1954లో తెచ్చిన డైనా జెడ్ 850 సీసీ రెండు సిలిండర్ల ఇంజనుతో ఆరుగురిని ఎక్కించుకుని గంటకు 130 కిలోమీటర్ల దాకా వెళ్లేది. బాడీ అల్యూమినియంది. ఆ ఖర్చు గిట్టక తరువాత క్రమంగా ఉక్కుకు మారారు.

పన్ను కారు ఆకారాన్ని కోయడం మనకూ కొత్త కాదు. 2006 బడ్జెట్‌లో 4 మీటర్ల లోపు కార్లకు ఎక్సైజు తగ్గించాక డిక్కీ కత్తిరించిన సెడాన్లు మన దగ్గర ఎలా పుట్టుకొచ్చాయో అందరం చూశాం. ఇక్కడ అమ్మే సిట్రోయెన్ సీ3 పొడవు 3,981 మిల్లీమీటర్లు కావడానికి కారణం కూడా అదే.

రెండోది రోడ్డు. జర్మనీలో ఆటోబాన్లు అనే మోటారు రహదారులు 1930లలోనే మొదలయ్యాయి. ఫ్రాన్స్‌లో లీల్ నుంచి మార్సెయ్ దాకా తెగకుండా సాగే మోటారు రహదారి 1970కి గానీ పూర్తి కాలేదు. అప్పటిదాకా దూరప్రయాణమంటే చెట్ల బారుల మధ్య నడుమ ఉబ్బి అంచులు వాలిన జాతీయ రహదారి, ఊళ్లోకి వస్తే రాళ్లు పరిచిన వీధి. అందుకే చక్రం పైకీ కిందికీ చాలా దూరం కదిలేలా, స్ప్రింగు మెత్తగా ఉండేలా చేశారు. మలుపులో ఫ్రెంచి కారు పడవలా వాలుతుందని వెక్కిరిస్తారు. నిజమే, వాలుతుంది. కానీ టైరు మాత్రం నేలను వదలదు.

ఈ రెండు లెక్కలూ కలిసిన చోటు సిట్రోయెన్. 1934లో ముందు చక్రాలతో నడిచే ‘ట్రాక్షన్ అవాన్’ తెచ్చింది. వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు లేదు, విడి చాసిస్ లేదు, కాబట్టి కారు నేలకు దగ్గరగా కూర్చుంది. ఆ ఖర్చుకు కంపెనీ దివాలా తీసింది, అప్పులవాళ్లలో పెద్దదైన మిషెలిన్ టైర్ల సంస్థ దాన్ని చేజిక్కించుకుంది. మరుసటి ఏడే ఆంద్రె సిట్రోయెన్ కన్నుమూశారు. ఆ కారు రూపం గీసిన ఫ్లమీనియో బెర్తోనీ స్వతహాగా శిల్పి. ఇంజనీరు ఆంద్రె లెఫెవ్ర్ విమానాల వైపు నుంచి వచ్చినవాడు. మిషెలిన్ తరఫున కంపెనీని నడిపిన పియెర్ బులాంజే 2సీవీ కోసం వీళ్ల చేతికిచ్చిన పని స్పష్టంగా ఉంది: ఇద్దరు రైతులు, 50 కిలోల బంగాళాదుంపలు, గంటకు 60 కిలోమీటర్లు, 100 కిలోమీటర్లకు 3 లీటర్ల పెట్రోలు. దున్నిన పొలంలోంచి వెళ్లినా బుట్టలో గుడ్లు పగలకూడదు. యుద్ధం అడ్డుపడి 1948 అక్టోబరులో గానీ అది బయటికి రాలేదు.

గుడ్ల షరతు నెరవేర్చిన ఏర్పాటును కాస్త దగ్గరగా చూడాలి. 2సీవీ చాసిస్‌కు ఒక్కో పక్కన కారు పొడవునా ఒక గొట్టం పడుకోబెట్టి ఉంటుంది. అందులో రెండు స్ప్రింగులు, ఒకటి ముందు చక్రానిది, మరొకటి వెనుక చక్రానిది. ముందు చక్రం గతుకెక్కితే దాని చేయి ఒక కడ్డీని లాగుతుంది, స్ప్రింగు నొక్కుకుంటుంది. దాంతో గొట్టం కూడా కొంచెం ముందుకు జరిగి వెనుక స్ప్రింగును లాగుతుంది, వెనుక చక్రం నేలకేసి ఒత్తుకుని బాడీ వెనుక భాగం కాస్త లేస్తుంది. అంటే ముక్కు ఒక్కటే ఎగిరిపడదు, కారు మొత్తం మట్టంగా లేచి దిగుతుంది. వెనుక బస్తాలు వేస్తే ముక్కు లేచి లైట్లు ఆకాశంలోకి కొడతాయి కాబట్టి లైట్ల ఎత్తు దించే మర డాష్‌బోర్డు కింద పెట్టారు. ముందు తలుపుల అద్దాలు కిందికి దిగవు, సగానికి మడతపెట్టి పైకి ఎత్తాలి. అద్దం దించే యంత్రం ఉండదు, తలుపు పలచనవుతుంది.

ఇప్పుడు ఆ కారు కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఇంజను కాదు. కడ్డీ ఆనే చోట కత్తి అంచులాంటి చిన్న ముక్కలుంటాయి. గ్రీజు ఎండితే కిర్రుమంటాయి, అరిగితే కారు ఎత్తు తేడా వస్తుంది. చాసిస్ పలచని రేకుతో చేసిన పెట్టె, తుప్పు లోపలి నుంచి తింటుంది. జాకీతో లేపినప్పుడు తలుపు సందు మారిందంటే పైన రంగు ఎంత మెరుస్తున్నా చాసిస్ పని అయిపోయినట్టే.

సిట్రోయెన్‌లోనే పోల్ మజెస్ అనే ఇంజనీరు అసలు ఉక్కు స్ప్రింగునే తీసేశాడు. స్ప్రింగు మెత్తగా ఉంటే నలుగురు ఎక్కగానే కారు కుంగుతుంది, గట్టిగా ఉంటే ఒక్కడున్నప్పుడు కుదుపుతుంది. ఆయన ఒక్కో చక్రానికి ఒక ఉక్కు గోళం పెట్టాడు. గోళం మధ్యలో రబ్బరు పొర, పొరకు పైన నైట్రోజన్, కింద నూనె. నొక్కుకునేది గ్యాసు, దెబ్బను మోసుకొచ్చేది నూనె, గోళం మెడలోని చిన్న వాల్వు షాక్ అబ్జార్బరు. మనుషులెక్కి కారు కుంగితే హైట్ కరెక్టరు అనే వాల్వు ఇంకాస్త నూనె పంపి మళ్లీ పాత ఎత్తుకు తెస్తుంది. 1954లో ట్రాక్షన్ 15-6 వెనుక చక్రాలకు పరీక్షగా పెట్టి, 1955 అక్టోబరు 6న డీఎస్ అనే కొత్త కారులో నాలుగింటికీ ఇచ్చారు. అదే నూనె ఒత్తిడితో బ్రేకులూ, పవర్ స్టీరింగూ, గేర్లూ నడిచాయి. ముందు చక్రాల మధ్య దూరం 1.5 మీటర్లు, వెనుక 1.3. బాడీ వెనక్కి సన్నబడింది గాలి కోసం. వెనుక చక్రం మార్చాలంటే ఒకే బోల్టు విప్పి ఆ పక్క రేకు మొత్తం ఊడదీయాలి. ఇంత చేసి లోపల పెట్టింది మాత్రం పాత ట్రాక్షన్ ఇంజనే, 1,911 సీసీ. బాడీ మీద, నూనె గొట్టాల మీద పెట్టిన తెలివిలో పావు వంతు ఇంజను మీద పెట్టి ఉంటే ఆ కారుకు సాటి ఉండేది కాదు.

ఈ పద్ధతి చెడేది రెండు మూడు చోట్లే. నైట్రోజన్ ఏళ్ల తరబడి రబ్బరు పొరలోంచి కొద్దికొద్దిగా పోతుంది. ఇంజను నడుస్తుండగా ఒక మూల చేత్తో నొక్కండి. మెత్తగా దిగాలి. రాయిలా ఉంటే ఆ గోళం అయిపోయింది. పంపు దగ్గర ‘టిక్’మనే చప్పుడు కొన్ని క్షణాలకొకసారి వస్తుంటే ఒత్తిడి నిల్వచేసే గోళం వంతు వచ్చిందన్నమాట. సన్నటి ఉక్కు నూనె గొట్టాలు వెనుక భాగంలో తుప్పు పడతాయి. నూనె ఒత్తిడి 150 బార్లకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి రెగ్యులేటరు మర వదులు చేసి ఒత్తిడి దించకుండా ఏ కీలూ విప్పకూడదు. కింద స్టాండ్లు లేకుండా కారు కిందికి దూరకూడదు, ఒత్తిడి పోయిన క్షణం అది నేల మీద కూర్చుంటుంది. ఇక నూనె. తొలినాటి ఎర్ర ద్రవం తేమ పీల్చి లోపల తుప్పు పట్టించేది. 1966 నుంచి ఆకుపచ్చ మినరల్ నూనె వచ్చింది. 2000 తరువాత సిట్రోయెన్ సీ5 కారుకు నారింజ రంగుది. ఎర్రదానికి సరిపడే సీలు రబ్బరు ఆకుపచ్చదానిలో ఉబ్బి పాడవుతుంది. ఒకదానిలో ఒకటి పోస్తే మొత్తం సీళ్లు మార్చుకోవాల్సిందే.

రెనో అంత దూరం పోలేదు. కానీ రెనో 4 కొలిస్తే ముందు వెనుక చక్రాల మధ్య దూరం కుడి పక్క ఎడమ కంటే 48 మిల్లీమీటర్లు ఎక్కువ. తెలియని అలైన్‌మెంట్ షాపులో యాక్సిడెంటు బండి అనుకుంటారు. వెనుక స్ప్రింగుల బదులు అడ్డంగా మెలితిరిగే రెండు కడ్డీలు పెట్టారు. కారు వెడల్పంతా ఉండే కడ్డీలు ఒకదాని వెనుక ఒకటే పట్టాయి, చక్రాలూ అలాగే ముందూ వెనుకా అయ్యాయి. బదులుగా సామాన్ల చోట నేల చదునుగా దొరికింది. 1992 దాకా 80 లక్షలకు పైగా తయారయ్యాయి.

పెజో దారి వేరు. 1955లో 403 మోడల్ నుంచి ఇటలీ డిజైన్ సంస్థ పినిన్‌ఫరీనా చేత గీయించుకుని మర్యాదగా నడిచింది. 1990లలో ప్రీమియర్ కార్ల కంపెనీతో కలిసి ముంబై దగ్గర కళ్యాణ్‌లో చేసిన 309 మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1937 నుంచి 1992 దాకా ఫ్రెంచి కార్లన్నిటికీ చట్టప్రకారం పసుపు హెడ్‌లైట్లు ఉండేవి. పాత ఫొటోల్లో ఆ దేశపు కారును గుర్తుపట్టే సులువైన గుర్తు అది.

1976లో పెజో సిట్రోయెన్‌ను కలిపేసుకున్నాక రెండు కంపెనీల కార్లకూ ఉమ్మడి ప్లాట్‌ఫారాలు, అంటే ఒకే అడుగు నిర్మాణం, వచ్చాయి. 1998లో పన్ను గుర్రాల లెక్క కర్బన ఉద్గారాలకు మారింది, 2000లో మామూలు జనానికి విన్యెట్ పోయింది. రోడ్లు ఎప్పుడో బాగుపడ్డాయి. మధ్యలో 1987లో రెనోకు వచ్చిన పాట్రిక్ ల కేమాన్ డిజైన్ విభాగాన్ని ఇంజనీర్ల కింద నుంచి తప్పించి నేరుగా కంపెనీ అధిపతి కిందికి తెచ్చుకున్నాడు. ట్వింగో అనే చిన్న కారు అలా పుట్టింది. అవాన్‌టీమ్ అనే కారు కూడా అలాగే పుట్టి, 2003లో 8,557 బళ్ల దగ్గర ఆగింది. గోళాల సస్పెన్షన్ ఉన్న చివరి సీ5 2017లో ఆగింది.

ఇప్పటివాటిలో పాత పద్ధతి నిజంగా కనిపించేది 2020 నాటి సిట్రోయెన్ ఆమీ అనే రెండు సీట్ల బుల్లి ఎలక్ట్రిక్ బండిలో. కుడి ఎడమ తలుపులు రెండూ ఒకటే, అందుకే ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తెరుచుకుంటుంది. ముందు వెనుక బంపర్లకూ అచ్చు ఒకటే. కొత్త రెనో 5 ఎలక్ట్రిక్ చూడముచ్చటగా ఉంది, కానీ 1972 నాటి బానెట్ మీద గాలి సందు ఉన్న చోట ఇప్పుడు ఛార్జి చూపించే లైటు ఉంది. అది అలంకారమే. మన దగ్గర 2021లో వచ్చిన సీ5 ఎయిర్‌క్రాస్‌లో గోళాలు లేవు. మామూలు షాక్ అబ్జార్బరులోనే పైనొకటి, కిందొకటి నూనె కుషన్లు అదనంగా ఉంటాయి, పెద్ద గుంతలో చివరి దెబ్బను అవి మింగుతాయి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు షాకులు ఎప్పుడైనా మార్చారా అని బిల్లులు అడిగి చూడాలి. సాధారణ షాకులు బిగిస్తే కారు నడుస్తుంది, ఆ మెత్తదనం మాత్రం రాదు.